గణిత తరగతిలో అన్వేషణ కృత్యాలు: 6 నుంచి 10వ తరగతి దాకా బోధించేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలే వెతికి, ఊహించి, నిరూపించే కృత్యాలు చేయించాలనుకునే లెక్కల టీచర్లకు పదే పదే వచ్చే సందేహాలివి. కృత్యాలను నేరుగా తరగతిలో పెట్టుకునేంత వివరంగా ఇచ్చాం. ఎక్కడ గాడి తప్పుతాయో కూడా చెప్పాం.

అన్వేషణ కృత్యం అంటే ఏమిటి? కఠినమైన లెక్క ఇస్తే సరిపోదా?

కఠినమైన లెక్కను దారి తెలిసినవాళ్లు చేస్తారు, తెలియనివాళ్లు పెన్ను పట్టుకుని కూర్చుంటారు. అన్వేషణ కృత్యంలో తరగతిలో బాగా వెనకబడిన పిల్లవాడు కూడా రెండో నిమిషానికల్లా ఏదో ఒకటి మొదలుపెట్టగలగాలి: ఒక కూడికో, ఒక బొమ్మో, ఒక కొలతో. అందరికంటే ముందుండే అమ్మాయికి పీరియడు అయిపోయాక కూడా తేలని సంగతి ఒకటి మిగలాలి. ఈ రెండూ ఒకే ప్రశ్నలో ఉంటేనే అది మంచి కృత్యం.

పిల్లలు చేయాల్సిన పని నాలుగంచెల్లో సాగుతుంది. ముందు ఉదాహరణలు పోగుచేయాలి. వాటిలో కనిపించిన క్రమాన్ని ఒక వాక్యంగా, ఊహగా రాయాలి. తర్వాత ఆ ఊహను పడగొట్టే ఉదాహరణ కోసం పట్టుదలగా వెతకాలి. అది పడకపోతే ఎందుకు పడదో చెప్పాలి. చాలా తరగతుల్లో రెండో అంచె దగ్గరే చప్పట్లు కొట్టి ముగించేస్తారు. ఆ నాలుగో అంచె కోసమే మిగతా మూడూ ఉన్నాయి.

అంటే పిల్లల్ని వాళ్ల మానాన వదిలేయడమా?

కాదు. అలా వదిలేస్తే ఏమవుతుందో 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు పరిశోధకులు గట్టిగా వాదించారు. కొత్తగా నేర్చుకునేవాడికి ఆసరా లేకపోతే, ఏం చేయాలో తేల్చుకోవడంలోనే బుర్ర నిండిపోతుంది, నేర్చుకోవడానికి చోటు మిగలదు. ఆ విమర్శలో నిజం ఉంది. అందుకే ఇక్కడి కృత్యాలన్నింటిలో ప్రశ్నను టీచరే ఎంచుతారు, మొదటి మెట్టు చూపిస్తారు, సూచనలు ముందే సిద్ధం చేసుకుంటారు, చివర్లో దొరికినదాన్ని బోర్డు మీద శుభ్రంగా రాసి పెడతారు. మధ్యలో ఆలోచించే పని మాత్రం పిల్లలది.

అన్ని పాఠాలూ ఇలా చెప్పొచ్చా?

చెప్పకూడదు. మనుషులు కలిసి ఒప్పందంగా పెట్టుకున్నవాటిని ఎవరూ కనిపెట్టలేరు: క్రియల వరుస, గుర్తులు, పేర్లు, నిరూపక జతలో ముందు ఏది రాయాలి అన్నవి. వాటిని సూటిగా చెప్పేయాలి. తర్కంతో తప్పనిసరిగా తేలేవి అన్వేషణకు పనికొస్తాయి: త్రిభుజ కోణాల మొత్తం, రెండు బేసి సంఖ్యల మొత్తం సరి కావడం, చుట్టుకొలత మారకుండా వైశాల్యం మారడం లాంటివి. ఏ పాఠమైనా చేతిలోకి తీసుకున్నప్పుడు "ఇది వేరేలా ఉండే వీలుందా?" అని అడిగి చూడండి. ఉంటే చెప్పేయండి, లేకపోతే వెతకనివ్వండి.

మొదటిసారి ఏ కృత్యంతో మొదలుపెట్టాలి?

మూడంకెల కాప్రేకర్ తీసివేతతో. మహారాష్ట్రలోని దేవ్‌లాలీలో స్కూలు టీచరుగా పనిచేసిన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ 1949లో నాలుగంకెల సంఖ్యల్లో ఈ వింతను గుర్తించారు. అక్కడ వచ్చే సంఖ్య 6174. తరగతికి మూడంకెలదే మంచిది, ఎందుకంటే దానికి పూర్తి నిరూపణ ఏడో తరగతి పిల్లలకు కూడా అందుతుంది.

ఒక మూడంకెల సంఖ్య తీసుకోవాలి. అంకెలను పెద్ద నుంచి చిన్నకు ఒకసారి, చిన్న నుంచి పెద్దకు ఒకసారి పేర్చి, పెద్దదాన్నుంచి చిన్నదాన్ని తీసేయాలి. వచ్చినదానితో మళ్లీ అదే పని. బోర్డు మీద ఒక్క ఉదాహరణ చాలు: 831 తీసుకుంటే 831 − 138 = 693. 693తో 963 − 369 = 594. ఇక్కడ ఆపేసి "మిగతాది మీరు చూడండి, తర్వాత మీ సొంత సంఖ్య తీసుకోండి" అనండి. ఎక్కడికి చేరుతుందో మాత్రం చెప్పకండి. పది నిమిషాల్లో తరగతి నలుమూలల నుంచీ 495 అని వినిపిస్తుంది.

రెండు చోట్ల తేడా వస్తుంది. 211 తీసుకున్నవాళ్లకు 211 − 112 = 99 వస్తుంది. దాన్ని రెండంకెల సంఖ్యగా పట్టుకుంటే 99 − 99 = 0 అయి కథ అక్కడే ముగుస్తుంది. 099 అని రాస్తే 990 − 099 = 891గా సాగి 495కే చేరుతుంది. ముందున్న సున్నాను వదలకూడదన్నది నియమంలో భాగం, దాన్ని మొదట్లోనే చెప్పాలి. రెండోది 333 లాంటి సంఖ్య. ఒక్క అడుగులో 0 వస్తుంది. దీన్ని ముందుగా చెప్పకండి, ఎవరో ఒకరు దొరకబుచ్చుకుంటారు. అప్పుడు "అన్ని మూడంకెల సంఖ్యలూ" అన్న ఊహను "మూడంకెలూ ఒకటే కానివన్నీ" అని తరగతే దిద్దుకుంటుంది. ఊహను దిద్దుకోవడం అనే అలవాటు ఇక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు ఎందుకు? పెద్ద అంకె వందల స్థానంలోంచి ఒకట్ల స్థానానికి, చిన్న అంకె ఒకట్లలోంచి వందలకు మారుతుంది. మధ్య అంకె రెండింటిలోనూ పదుల స్థానంలోనే ఉంటుంది కాబట్టి కొట్టుకుపోతుంది. మిగిలేది ఎప్పుడూ 99 × (పెద్ద అంకె − చిన్న అంకె). ఆ తేడా 1 నుంచి 9 దాకా మాత్రమే ఉండగలదు. అంటే మొదటి అడుగు తర్వాత తొమ్మిది సంఖ్యలే మిగులుతాయి: 099, 198, 297, 396, 495, 594, 693, 792, 891. వీటిలో 198, 891లకు అంకెలు ఒకటే, అలాగే 297, 792లకూ, 396, 693లకూ. కాబట్టి ఒకే గొలుసు చూస్తే అన్నీ తేలిపోతాయి: 099, 891, 792, 693, 594, 495. మూడంకెలూ ఒకటి కాని సంఖ్య ఏదైనా ఆరు అడుగులు దాటకుండా 495కు చేరుతుందని ఇప్పుడు ఏ సందేహం లేకుండా చెప్పొచ్చు.

త్వరగా ముగించిన గ్రూపుకు రెండంకెలతో చేయమనండి. అక్కడ ఒకే సంఖ్య దగ్గర ఆగదు: 09, 81, 63, 27, 45, మళ్లీ 09 అని తిరుగుతూనే ఉంటుంది.

45 నిమిషాల పీరియడులో ఇదంతా పడుతుందా?

5 నిమిషాలు పరిచయం, 20 నిమిషాలు పని, 15 నిమిషాలు చర్చ, చివరి 5 నిమిషాలు నోటుబుక్కులో రాసుకోవడం. సమయం తప్పేది దాదాపు ఎప్పుడూ పరిచయం దగ్గరే. ఒక ఉదాహరణ చాలనుకుని మొదలుపెట్టి మూడు చేస్తే 12 నిమిషాలు అయిపోతాయి, పైగా క్రమం అంతా అక్కడే బయటపడిపోతుంది. 25వ నిమిషానికి ఎవరు ఎక్కడున్నా పని ఆపించండి. పని పూర్తి కాకపోయినా నష్టం లేదు, చర్చ జరగకపోతే మాత్రం ఆ రోజు నేర్చుకున్నది చెదిరిపోతుంది. రెండు వరుస పీరియడ్లు దొరికితే నిరూపణను రెండోదానికి పెట్టుకోండి.

గ్రూపుకు ఎంతమంది? 60 మంది ఉన్న తరగతిలో ఎలా?

ముగ్గురు. నలుగురైతే ఇద్దరు చేస్తారు, ఒకరు చూస్తారు, ఒకరు కిటికీలోంచి బయటికి చూస్తారు. గ్రూపులను చీటీలతో వేయండి, ప్రతి కృత్యానికీ మార్చండి. తెలివైనవాళ్లు, వెనకబడినవాళ్లు అని టీచరు చూసి కలిపితే పిల్లలు ఇట్టే పసిగడతారు, వెనకబడినవాళ్లుగా ఎంపికైనవాళ్లు నోరు విప్పరు. గ్రూపుకు ఒకే కాగితం, ఒకే పెన్ను ఇవ్వండి. ఐదు నిమిషాలకోసారి పెన్ను చేతులు మారాలి. పెన్ను పట్టుకున్నవాళ్లు తమ ఆలోచన రాయకూడదు, పక్కవాళ్లు చెప్పింది రాయాలి.

60 మంది ఉంటే 20 గ్రూపులు అవుతాయి, వాటన్నింటి దగ్గరికీ వెళ్లడం కుదరదు. బెంచీలోనే ఇద్దరిద్దరుగా చేయించి, 15 నిమిషాలకు వెనక బెంచీ జతతో కలపండి. కలిసిన నలుగురూ ఒకరి పట్టికలో ఇంకొకరు తప్పులు వెతకాలి. ఈ ఒక్క మెలికతో లెక్కల తప్పులు చాలావరకు టీచరు దాకా రాకుండానే తేలిపోతాయి. మీరు ఒక వరుస గ్రూపులనే నిశితంగా గమనించండి, మరుసటి కృత్యానికి వేరే వరుస.

పిల్లలు ఇరుక్కుపోతే ఎంత వరకు చెప్పాలి?

ప్రతి కృత్యానికీ మూడు సూచనలు ముందుగా రాసి జేబులో పెట్టుకోండి. మొదటిది చేసిన పనినే మళ్లీ చూపించేది: "ఇప్పటిదాకా ఏం చేశారో నాకు చెప్పండి." సగంసార్లు చెబుతూ చెబుతూనే వాళ్లకు దారి దొరుకుతుంది. రెండోది పద్ధతికి సంబంధించినది: "చిన్న సంఖ్యలతో చేస్తే?", "పట్టికలో వరుసగా పెడితే?" మూడోది కృత్యంలోని కీలకాన్ని తాకేది. కాప్రేకర్ కృత్యంలో అయితే "వచ్చిన సంఖ్యల్లో మధ్య అంకె చూడండి" అన్నది (099లో, 198లో, అన్నింట్లోనూ అది 9). మూడో సూచన ఇవ్వాల్సి వచ్చినా ఇచ్చి అక్కడి నుంచి వెళ్లిపోండి. పక్కనే నిలబడితే పిల్లలు కాగితాన్ని వదిలి మీ ముఖంలో జవాబు వెతుకుతారు.

ప్రశ్న అడిగాక ఆగడం కూడా నేర్చుకోవాల్సిన పనే. తరగతుల్లో టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశీలనల్లో తేలింది. కనీసం మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా, కారణాలతో వచ్చాయి. మూడు సెకన్ల నిశ్శబ్దం నిలబడి ఉన్నవాళ్లకు చాలా పొడవుగా అనిపిస్తుంది, మనసులో లెక్కపెట్టుకోండి.

సగానికి మించి గ్రూపులు ఒకే చోట ఆగిపోతే అది పిల్లల తప్పు కాదు, ప్రశ్న సరిగా అర్థం కాలేదన్నమాట. అందరినీ రెండు నిమిషాలు ఆపి, ప్రశ్నను ఇంకో మాటల్లో చెప్పండి.

నాలుగు ఉదాహరణలు చూసి సూత్రం తేలిపోయిందంటారు. ఏం చేయాలి?

వాదించకండి. వృత్తం మీద చుక్కల కృత్యం ఇవ్వండి. ప్రతి తరగతికీ ఏడాది మొదట్లోనే ఒకసారి చేయించాల్సిన కృత్యమిది.

వృత్తం మీద కొన్ని చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనూ మిగతా ప్రతి చుక్కతో సరళరేఖలతో కలపాలి. వృత్తం లోపల ఎన్ని భాగాలు అయ్యాయో లెక్కపెట్టాలి. 1 చుక్కకు 1, 2 చుక్కలకు 2, 3కు 4, 4కు 8, 5కు 16. ఆరో చుక్కకు ఎంత వస్తుందో గీయకముందే నోటుబుక్కులో రాయమనండి. తరగతి మొత్తం 32 అని రాస్తుంది. గీసి చూస్తే 31.

ఈ 31 సరిగ్గా రావాలంటే కొన్ని జాగ్రత్తలు తప్పవు. వృత్తం వ్యాసార్థం కనీసం 8 సెంటీమీటర్లు ఉండాలి, పెన్సిలు ములుకు సన్నగా ఉండాలి. చుక్కలను సమాన దూరంలో పెట్టకూడదు. పెడితే మూడు పెద్ద కర్ణాలు కేంద్రంలో ఒకే బిందువు దగ్గర కలుస్తాయి, భాగాలు 30 అవుతాయి. వేర్వేరు దూరాల్లో పెట్టినా, మధ్యలో ఏర్పడే చిన్న త్రిభుజం మరీ చిన్నదైతే లెక్కలోంచి జారిపోతుంది. ప్రతి భాగంలోనూ అంకె వేస్తూ లెక్కపెట్టించండి. తరగతిలో 30, 31, 32 మూడూ వస్తాయి, 32 వచ్చినవాళ్లు ఎక్కడో రెండుసార్లు లెక్కపెట్టి ఉంటారు. ఓటింగు పెట్టకండి. బొమ్మలు మార్చుకుని ఒకరిది ఇంకొకరు లెక్కపెట్టాలి.

31 ఎందుకో తొమ్మిది, పది తరగతులకు చెప్పించవచ్చు. గీతలేమీ లేనప్పుడు ఒక భాగం. కొత్త గీత గీసిన ప్రతిసారీ ఒక భాగం పెరుగుతుంది, ఆ గీత పాత గీతను లోపల ఖండించిన ప్రతిచోటా ఇంకో భాగం పెరుగుతుంది. కాబట్టి మొత్తం భాగాలు = 1 + గీతలు + ఖండన బిందువులు. ఆరు చుక్కల్లో రెండేసి ఎంచితే 15 గీతలు. నాలుగు చుక్కలు ఎంచుకున్న ప్రతిసారీ సరిగ్గా ఒక ఖండన బిందువు వస్తుంది, అలాంటివి 15. మొత్తం 31. ఏడు చుక్కలకు 1 + 21 + 35 = 57. రెట్టింపు అవుతుందన్న ఊహ ఐదు చుక్కల దాకా ఎందుకు నిలబడిందో, ఆరు దగ్గర ఎందుకు కూలిందో ఈ సూత్రంలోనే కనిపిస్తుంది.

ఇంకా దూరం వెళ్లి కూలే ఊహ కావాలంటే గణిత శాస్త్రవేత్త ఆయిలర్‌ది ఉంది. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యనూ 41నీ కలపండి. 0 నుంచి 39 దాకా ప్రతిసారీ ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 దగ్గర 1600 + 40 + 41 = 1681 వస్తుంది, అది 41 × 41.

క్రమం కనిపించాక "ఎందుకు" వైపు ఎలా మళ్లించాలి?

ఉదాహరణను లెక్కగా కాక ఆకారంగా చూపించమని అడగండి. వరుస సంఖ్యల మొత్తాల కృత్యం దీనికి సరిగ్గా సరిపోతుంది.

"1 నుంచి 35 దాకా ఏయే సంఖ్యలను రెండు లేదా అంతకంటే ఎక్కువ వరుస సంఖ్యల మొత్తంగా రాయగలం?" వరుస సంఖ్యలంటే 1, 2, 3 లాంటివే, సున్నా గానీ రుణ సంఖ్యలు గానీ వద్దని ముందే ఖాయం చేయండి. 9 = 4 + 5 = 2 + 3 + 4. 15కు మూడు దారులు: 7 + 8, 4 + 5 + 6, 1 + 2 + 3 + 4 + 5. సంఖ్యలను గ్రూపులకు పంచి, బోర్డు మీద ఒకే పెద్ద పట్టిక నింపించండి. 1, 2, 4, 8, 16, 32 ఖాళీగా మిగులుతాయి. పట్టికలో తప్పులు రావడం మామూలే, సాధారణంగా ఎవరికీ దొరకని 14 కూడా ఖాళీగా ఉండిపోతుంది. "2 నుంచి మొదలుపెట్టి చూడండి" అంటే చాలు, 2 + 3 + 4 + 5.

"1ని రెట్టింపు చేస్తూ పోతే వచ్చే సంఖ్యలు రావు" అని పిల్లలే చెప్తారు. అక్కడ ఆపి చుక్కల కాగితం ఇవ్వండి. 4 + 5 + 6ను మూడు అడ్డ వరుసలుగా గీయించండి. పొడుగు వరుసలో ఒక చుక్క తీసి పొట్టి వరుసకు పెడితే మూడూ ఐదైపోతాయి, అంటే 3 × 5. బేసి సంఖ్యలో పదాలుంటే మొత్తం = పదాల సంఖ్య × మధ్య పదం. సరి సంఖ్యలో పదాలుంటే మొదటిదీ చివరిదీ కలిపి జతలు కట్టాలి. ప్రతి జత మొత్తం ఒకటే, అది బేసి. ఉదాహరణకు 2 + 3 + 4 + 5లో జత 7, జతలు 2, మొత్తం 2 × 7. ఎలా చూసినా మొత్తానికి 1 కంటే పెద్ద బేసి కారణాంకం ఒకటి ఉండి తీరుతుంది. 16కు అది లేదు.

ఇది సగం నిరూపణే. బేసి కారణాంకం ఉన్న ప్రతి సంఖ్యా కుదురుతుందని ఇంకా చూపాలి, పిల్లలు ఈ రెండో సగాన్ని తరచూ మర్చిపోతారు. 14 = 7 × 2 కాబట్టి 2 మధ్యలో ఉండేలా ఏడు పదాలు రాయమనండి: −1, 0, 1, 2, 3, 4, 5. ముందున్న −1, 0, 1 కలిసి సున్నా అవుతాయి, మిగిలింది 2 + 3 + 4 + 5. ముందు వద్దన్న రుణ సంఖ్యలే ఇక్కడ దారి చూపి తప్పుకుంటాయి. దీన్ని చూసిన పదో తరగతి పిల్లల కళ్లల్లో వచ్చే మెరుపు కోసమైనా ఈ కృత్యం చేయించాలి. ఓపిక ఉన్న గ్రూపుకు చివరి ప్రశ్న: 45ను ఎన్ని విధాలుగా రాయవచ్చు? 45కు 1 కాకుండా 3, 5, 9, 15, 45 అనే ఐదు బేసి కారణాంకాలున్నాయి, విధాలూ ఐదే.

జ్యామితికి ఏవి బాగుంటాయి?

ఏ చతుర్భుజమైనా గీసి, భుజాల మధ్యబిందువులను వరుసగా కలపమనండి. ప్రతిసారీ సమాంతర చతుర్భుజమే వస్తుంది. కాగితం మీద అందరూ చక్కటి దీర్ఘచతురస్రాలే గీస్తారు కాబట్టి వంకరటింకరవి కూడా గీయాలని పట్టుబట్టండి, ఒక మూల లోపలికి మడిచిన చతుర్భుజం సహా. జ్యామితి బొమ్మలు గీసే జియోజీబ్రా సాఫ్ట్‌వేర్ ఉంటే మూలలు లాగి చూపించవచ్చు. అయితే తెర మీద వెయ్యిసార్లు లాగినా అది నిరూపణ కాదు, పైగా అంత నమ్మకంగా కనిపించాక నిరూపణ అవసరమేమిటని పిల్లలు అడుగుతారు. "నిజమా?" అని కాకుండా "దేని వల్ల నిజం?" అని అడగండి. ఒక కర్ణం గీయిస్తే రెండు త్రిభుజాలు కనిపిస్తాయి, మధ్యబిందువు సిద్ధాంతం మిగతా పని చేసేస్తుంది.

ఎనిమిదో తరగతికి చుక్కల కాగితం మీద 1899 నాటి పిక్ సిద్ధాంతం పెట్టుకోండి. శీర్షాలన్నీ చుక్కల మీదే ఉండే బహుభుజి వైశాల్యం = లోపలి చుక్కలు + అంచు మీది చుక్కల్లో సగం − 1. ఇది దొరకాలంటే ఒకదాన్ని కదలకుండా పట్టుకుని ఇంకోదాన్ని మార్చాలి. ముందు లోపల చుక్కలే లేని బొమ్మలు గీయించండి: అంచు మీద 3 చుక్కలుంటే అర, 4 ఉంటే 1, 5 ఉంటే ఒకటిన్నర చదరపు యూనిట్లు వస్తాయి. తర్వాత లోపల 1 చుక్క. అన్నీ ఒకేసారి మారిస్తే పిల్లలకు ఏమీ తేలదు. ఏటవాలు భుజం మీద పడే చుక్కలను వదిలేయడమే ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. బొమ్మ మధ్యలో రంధ్రం పెట్టి చూడమంటే సూత్రం సరిగ్గా 1 తేడాతో తప్పుతుంది, అది ముందుకెళ్లాలనుకునేవాళ్లకు.

పై తరగతుల బీజగణితానికి?

మూతలేని పెట్టె. 20 సెంటీమీటర్ల చదరపు అట్ట నాలుగు మూలల్లో సమాన చదరాలు కత్తిరించి మడవాలి. ఎంత చదరం కత్తిరిస్తే పెట్టెలో ఎక్కువ పడుతుంది? 1 సెం.మీ.కు 324, 2కు 512, 3కు 588, 4కు 576, 5కు 500 ఘన సెంటీమీటర్లు. జవాబు 3 అని అందరూ ముగించేస్తారు. 3, 4 మధ్యలో చూడమనండి. పట్టికను గ్రాఫుగా మారిస్తే శిఖరం 3.3 దగ్గర, దాదాపు 592 పైన ఉందని తెలుస్తుంది. పట్టిక కంటే గ్రాఫు ఏం ఎక్కువ చెబుతుందో పిల్లలకు ఇక్కడ తెలిసొస్తుంది. ప్రతి గ్రూపుకూ వేరే కొలత ఇచ్చి నిజంగానే కత్తిరింపజేయండి. 10 సెం.మీ. కత్తిరించమంటే ఏమవుతుందో అడగడం మరవకండి, చలరాశికి హద్దులుంటాయన్న మాట అప్పుడే అర్థమవుతుంది.

సంభావ్యతలో పాచికల కృత్యాలు ప్రతిసారీ తేడాగా వస్తాయి. ఎందుకు?

తక్కువసార్లు వేయడం వల్ల. రెండు పాచికలు వేసి పెద్ద దాన్నుంచి చిన్నది తీసేయండి. తేడా 0, 1, 2 వస్తే మొదటి ఆటగాడికి, 3, 4, 5 వస్తే రెండో ఆటగాడికి పాయింటు. మూడేసి తేడాలు కాబట్టి ఆట న్యాయమైనదని పిల్లలు అనుకుంటారు. 36 ఫలితాల్లో మొదటివాడికి 24, రెండోవాడికి 12. అయినా పదిసార్లే వేస్తే రెండోవాడు ఆధిక్యంలో ఉండే అవకాశం దాదాపు 8 శాతం, అంటే 15 గ్రూపులున్న తరగతిలో ఏదో ఒక గ్రూపుకు అలా జరగడం వింత కాదు. గ్రూపుకు 40 సార్లు వేయించి అన్నింటినీ బోర్డు మీద కలపండి. ఒక్కో గ్రూపు ఫలితం ఎంత ఊగిందో, మొత్తం ఎంత కుదురుగా ఉందో పక్కపక్కన రాయండి.

వృత్త పరిధిని వ్యాసంతో భాగిస్తే 3.14 రావడం లేదు. తప్పెక్కడ?

వ్యాసం దగ్గర. స్కేలు కేంద్రం గుండా పోకపోతే కొలిచేది వ్యాసం కంటే పొట్టి జ్యాను, అప్పుడు నిష్పత్తి ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. 6 సెం.మీ. మూతకు 2 మిల్లీమీటర్లు తగ్గితే 3.25 దాకా పోతుంది, 20 సెం.మీ. పళ్లేనికి అదే తప్పు 3.17తో సరిపోతుంది. పెద్ద వస్తువులు వాడండి. సాగే దారం వద్దు, కాగితపు పట్టీ చుట్టండి. విడివిడి నిష్పత్తుల బదులు వ్యాసాన్ని, పరిధిని గ్రాఫులో గుర్తించి గీత గీస్తే తప్పు కొలతలు వాటంతటవే పక్కకు తేలతాయి.

చివరి చర్చను ఎలా నడపాలి?

ముందుగా వచ్చిన గ్రూపుతో కాదు. పిల్లలు పనిచేస్తున్నప్పుడే మూడు కాగితాలు ఎంచుకోండి: ఉదాహరణలు చక్కగా పేర్చినది ఒకటి, ఊహను స్పష్టంగా రాసినది ఒకటి, కారణం వైపు అడుగు వేసినది ఒకటి. అదే వరుసలో బోర్డు దగ్గరికి పిలవండి. కారణం చెప్పే గ్రూపు ముందు వస్తే మిగతావాళ్లకు చెప్పడానికేమీ ఉండదు, వినేవాళ్లకు అది దేనికి కారణమో తెలియదు. పనికొచ్చే తప్పు ఒకటుంటే, ఆ పిల్లల్ని ముందే అడిగి, మొదట దాన్నే పెట్టండి. ఒకరు చెప్పాక "ఇదే మాటను నీ మాటల్లో చెప్పు" అని వేరే గ్రూపులోని ఒకరిని అడగండి. అలా చెప్పలేకపోతే తరగతి ఇంకా అక్కడికి చేరలేదన్నమాట.

జవాబు ముందే తెలిసిన పిల్లలు గట్టిగా చెప్పేస్తే?

"అవునా, ఎందుకు?" అని అడిగి పంపించండి. 495 తెలిసినవాళ్లకు 99 సంగతి తెలిసి ఉండటం అరుదు.

మార్కులెలా వేయాలి?

దొరికిన సూత్రానికి వేయకండి. వేస్తే పక్క గ్రూపు నుంచి సూత్రం ఎత్తుకొస్తారు. 10 మార్కుల్లో ఉదాహరణలు ఒక పద్ధతిలో పోగుచేసినందుకు 2, ఊహను అర్థమయ్యే వాక్యంగా రాసినందుకు 2, దాన్ని పడగొట్టడానికి ఏం ప్రయత్నించారో రాసినందుకు 2, కారణానికి 4 వేయవచ్చు. కారణం అసంపూర్తిగా ఉన్నా, "బేసి పదాలున్నప్పుడు మాత్రమే చూపగలిగాం" అని తమ హద్దు తాము రాసిన గ్రూపుకు 3 ఇవ్వండి. ఎంతవరకు తేలిందో నిజాయితీగా చెప్పగలగడం నిరూపణలో పెద్ద భాగం.

సిలబస్ వెనకబడదా?

అధ్యాయానికి ఒక కృత్యం పెట్టుకుంటే చాలు. దాన్ని అధ్యాయం చివర అలంకారంగా కాక, ఎలాగూ చెప్పాల్సిన పాఠం బదులు పెట్టండి. పెట్టె కృత్యం చేసినవాళ్లకు బహుపదుల గ్రాఫు కోసం ప్రత్యేకంగా ఇంకో పరిచయం అక్కర్లేదు. సాధన లెక్కలు మాత్రం తగ్గించకండి. అన్వేషణలో అర్థమైనది చేతికి రావాలంటే సాధన కావాల్సిందే.

టీచరుకే జవాబు తెలియని ప్రశ్న పిల్లలు అడిగితే?

బోర్డు మూల రాసి పెట్టండి, దాచకండి. గణిత శాస్త్రవేత్త లోథర్ కొలాట్జ్ పేరుతో పిలిచే ప్రశ్న ప్రపంచంలో ఎవరికీ తేలలేదు: సంఖ్య సరి అయితే సగం చేయండి, బేసి అయితే మూడింతలు చేసి 1 కలపండి, ఇలా ఏ సంఖ్యతో మొదలుపెట్టినా చివరికి 1 వస్తుందా? 26కు పది అడుగులు చాలు. 27కు మాత్రం 111 అడుగులు, మధ్యలో 9232 దాకా ఎగబాకుతుంది. ఆరో తరగతి పిల్లలకు కూడా అర్థమయ్యే ప్రశ్నే. ఇది ఇచ్చేటప్పుడు నిరూపణ ఆశించకండి. 30 లోపు సంఖ్యలను గ్రూపులకు పంచి ఒకే చెట్టు బొమ్మలో కలిపించండి, 27ను చివరికి ఉంచండి.

పాఠ్యపుస్తకంలోని లెక్కనే కృత్యంగా మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు, అదే సులువైన దారి కూడా. మూడు పద్ధతులు బాగా పనిచేస్తాయి. లెక్కను తిరగేయండి: "8 × 4 దీర్ఘచతురస్రం చుట్టుకొలత ఎంత?" బదులు "చుట్టుకొలత 24 అయ్యే దీర్ఘచతురస్రాలన్నీ గీయండి" అనండి. భుజాలు పూర్ణ సంఖ్యలైతే వైశాల్యాలు 11, 20, 27, 32, 35, 36 వస్తాయి, 36 నుంచి ఒక్కోటీ ఎంత తగ్గిందో చూస్తే 25, 16, 9, 4, 1, 0 బయటపడతాయి. షరతు ఒకటి తీసేయండి: దీర్ఘచతురస్రమే అక్కర్లేదంటే? షరతు ఒకటి చేర్చండి: ఒక వైపు గోడ ఉండి 24 మీటర్ల కంచె మూడు వైపులకే సరిపోతే? అప్పుడు చదరం గెలవదు, 6 × 12 గెలుస్తుంది, 72 చదరపు మీటర్లు. తరగతికి తీసుకెళ్లేముందు మీరే ఒకసారి కాగితం మీద చేసి, పిల్లలు రాయబోయే మూడు జవాబులు, వాటిలో రెండు తప్పువి, ముందే ఊహించి పెట్టుకోండి.